వినియోగదారుడి ఎంపిక: బజారు రేటు, మనసు రేటు – లెక్కలతో సహా పూర్తి మార్గదర్శి

వినియోగదారుడి ఎంపిక అనే పాఠం ఇంటర్లో ఒకసారి, డిగ్రీలో ఒకసారి, గ్రూప్స్ కోచింగ్‌లో మరోసారి ఎదురవుతుంది. అన్నిసార్లు చదివినా చాలామందికి అది నిర్వచనాల మూటగానే మిగిలిపోతుంది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం ఒక మూల, ఉదాసీనతా వక్రరేఖల లక్షణాలు ఇంకో మూల, ఆదాయ ప్రభావం, ప్రతిస్థాపన ప్రభావం మరో మూల. బొమ్మ గీయమంటే గీసేస్తారు. "ధర వంద పెరిగింది, ఇప్పుడు ఇతను ఏది ఎంత కొంటాడు, ఎందుకు?" అని అడిగితే పెన్ను ఆగిపోతుంది.

పాఠం మొత్తంలో మనం చేసే పని నిజానికి ఒక్కటే. రెండు రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం. ఒక వస్తువు కావాలంటే రెండోది ఎంత వదులుకోవాలని బజారు అడుగుతుందో అది బజారు రేటు. అదే వస్తువు కోసం రెండోది ఎంతవరకు వదులుకోవడానికి మనం సిద్ధమో అది మనసు రేటు. ఈ రెండింటి మధ్య తేడా ఉన్నంతసేపు కొనుగోలు మార్చుకోవడానికి కారణం ఉన్నట్టే. తేడా పోయిన చోట ఆగుతాం. కింద ఉన్నదంతా ఈ పోలికను సరిగ్గా చేసే పద్ధతి. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదివితే మంచిది.

మొదటి మెట్టు: ప్రశ్నను రెండు వస్తువులకు కుదించండి

అమీర్‌పేట హాస్టల్లో ఉండే ఒక కుర్రాడిని తీసుకుందాం. మెస్ తిండి కాకుండా నెలకు 1200 రూపాయలు బయటి తిండికి పెట్టుకున్నాడు. కొనేవి రెండే: బిర్యానీ 200, మిర్చి బజ్జీ ప్లేటు 50. (ధరల గురించి గొడవ వద్దు, లెక్క తేలికగా రావడానికి ఎంచుకున్నవి.)

ప్రపంచంలో వస్తువులు రెండే ఉండవు కదా అనే అభ్యంతరం సహజమే. అందుకే సీరియస్ లెక్కల్లో ఒక వైపు మనం పరిశీలించే వస్తువును, రెండో వైపు "మిగతా అన్నిటి మీద పెట్టే డబ్బు"ను పెడతారు. రేషన్ బియ్యం దగ్గరికి వచ్చినప్పుడు అదే చేద్దాం. అంతవరకు బిర్యానీ, బజ్జీ చాలు.

రెండో మెట్టు: బడ్జెట్ రేఖ గీయండి

అడ్డంగా బిర్యానీలు, నిలువుగా బజ్జీ ప్లేట్లు. డబ్బంతా బిర్యానీకే పెడితే 6, బజ్జీలకే పెడితే 24. ఈ రెండు బిందువులను కలిపే సరళరేఖే బడ్జెట్ రేఖ. దాని మీద ఉన్న ప్రతి జోడీకీ ఖర్చు సరిగ్గా 1200. లోపల ఉన్నవి కొనగలిగినవే కానీ డబ్బు మిగులుతుంది. బయట ఉన్నవి అందవు.

ఈ రేఖ వాలు 24ని 6తో భాగిస్తే 4. ధరలను భాగించినా (200/50) అదే 4. ఒక బిర్యానీ కావాలంటే బజారు నాలుగు ప్లేట్ల బజ్జీ అడుగుతోందన్నమాట. ఇదే మన బజారు రేటు. ఇందులో ఆదాయం ఎక్కడా కనిపించదన్నది గమనించండి. జేబులో 1200 ఉన్నా 12,000 ఉన్నా రేటు 4 దగ్గరే ఉంటుంది. ఆదాయం పెరిగితే రేఖ సమాంతరంగా బయటికి జరుగుతుంది, ఒక ధర మారితే రేఖ తిరుగుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే: ధర పెరిగినప్పుడు కూడా రేఖను సమాంతరంగా లోపలికి జరిపేస్తారు.

దీనికి చిన్న పరీక్ష ఉంది. జీతం పది శాతం పెరిగింది, అన్ని ధరలూ పది శాతం పెరిగాయి. రేఖ ఎటు జరుగుతుంది? ఎటూ జరగదు. 1320ని 220తో భాగించినా 6, 55తో భాగించినా 24. ఇంక్రిమెంట్ వచ్చిందని సంబరపడేవాళ్లకు ఈ లెక్క అంతగా నచ్చదు, కానీ రేఖకు ఆ సంబరంతో పని లేదు.

మూడో మెట్టు: ఇష్టాలను వరసలో పెట్టండి

ఇప్పుడు మనసు వైపు రావాలి. 1871లో ఇంగ్లండ్‌లో జెవన్స్, ఆస్ట్రియాలో కార్ల్ మెంగర్, 1874లో లియోన్ వాల్రాస్ దాదాపు ఒకే ఆలోచనకు వచ్చారు: వస్తువు విలువను నిర్ణయించేది దాని మొత్తం ఉపయోగం కాదు, చివరి యూనిట్ ఇచ్చే అదనపు ప్రయోజనం, అంటే ఉపాంత ప్రయోజనం. నీళ్లు లేకపోతే ప్రాణం పోతుంది, వజ్రం లేకపోతే ఏమీ కాదు; అయినా వజ్రమే ఖరీదు ఎందుకన్న పాత చిక్కు దీంతో విడిపోయింది. నీళ్లు సమృద్ధిగా ఉన్నచోట ఇంకో గ్లాసు తెచ్చిపెట్టేది స్వల్పం.

అయితే ఆ ప్రయోజనాన్ని ఏ కొలతతో కొలవాలి? బిర్యానీకి 80, బజ్జీకి 30 అని అంకెలు వేయడం పాఠం చెప్పడానికి బాగానే ఉంటుంది, కానీ సంతోషానికి తూకపు రాయి లేదు. సమాన సంతృప్తి ఇచ్చే జోడీలను కలిపే ఉదాసీనతా వక్రరేఖను ఎడ్జ్‌వర్త్ 1881లోనే గీశాడు. ఆ తర్వాత పరేటో, 1934లో హిక్స్, ఆలెన్ కలిసి తేల్చింది ఏమిటంటే, కొలత అక్కర్లేదు, వరస చాలు. ఈ జోడీ ఆ జోడీ కంటే ఇష్టం, లేదా రెండూ సమానం అని చెప్పగలిగితే సిద్ధాంతం నడుస్తుంది.

వరస నిలబడాలంటే కొన్ని షరతులు కావాలి. ఏ రెండు జోడీలు ఇచ్చినా పోల్చగలగాలి. మొదటిది రెండోదాని కంటే, రెండోది మూడోదాని కంటే ఇష్టమైతే మొదటిది మూడోదాని కంటే ఇష్టం కావాలి. ఎక్కువ ఉంటే మేలే అనుకోవాలి. చివరి షరతు, అన్నిటికంటే పని చేసేది: ఏదో ఒకటే గుట్టగా ఉండటం కంటే రెండూ కొంచెం కొంచెం ఉండటం ఇష్టం.

మన కుర్రాడి వరసను ఒక చిన్న సూత్రంతో రాద్దాం: బిర్యానీల సంఖ్య × బజ్జీ ప్లేట్ల సంఖ్య. వచ్చిన అంకె పెద్దదైతే ఆ జోడీ ఎక్కువ ఇష్టం. 2 బిర్యానీలు, 16 ప్లేట్లు అయితే 32. 4 బిర్యానీలు, 8 ప్లేట్లు అయినా 32. అంటే ఈ రెండూ అతనికి సమానమే, ఒకే ఉదాసీనతా వక్రరేఖ మీద ఉన్నాయి. 1 బిర్యానీ, 32 ప్లేట్లు ఉన్న జోడీ కూడా ఆ రేఖ మీదిదే. ఈ మూడు బిందువులు కలిపితే మూలబిందువు వైపు వంగిన వక్రం వస్తుంది.

32 అన్న అంకెకు సొంతంగా అర్థమేమీ లేదు. అన్ని అంకెలనూ వర్గం చేసి 1024 అని రాసుకున్నా, వర్గమూలం తీసుకున్నా వరస మారదు, వక్రరేఖలు మారవు. ఇక్కడ ఒక సంగతి పుస్తకాల్లో అరుదుగా చెబుతారు. మనం రాసిన గుణకార సూత్రంలో బజ్జీలను 16 దగ్గర స్థిరంగా ఉంచి బిర్యానీలు పెంచుకుంటూ పోండి: 16, 32, 48, 64. ప్రతి బిర్యానీ సరిగ్గా 16 కలుపుతోంది. ఉపాంత ప్రయోజనం తగ్గడమే లేదు! వర్గమూలం తీసుకుంటే మాత్రం 4, 5.66, 6.93, 8 అవుతుంది, తగ్గుతుంది. ఇష్టాలు అవే, వక్రరేఖలు అవే, కానీ ఒక రాతలో క్షీణోపాంత ప్రయోజన సూత్రం (ఇంకొకటి చేరేకొద్దీ అదనపు ప్రయోజనం తగ్గుతుందన్నది) ఉంది, మరో రాతలో లేదు. అంటే ఆ సూత్రం మనం అంకెలు వేసుకున్న తీరు మీద ఆధారపడుతోంది. అంకెల రాత మారినా మారకుండా ఉండేది మనసు రేటు. హిక్స్, ఆలెన్ దాన్ని పట్టుకోవడానికి కారణం ఇదే.

నాలుగో మెట్టు: మనసు రేటు లెక్కించండి

పుస్తకాల్లో దీని పేరు ఉపాంత ప్రతిస్థాపన రేటు. సంతృప్తి తగ్గకుండా ఇంకొక్క బిర్యానీ కోసం ఎన్ని ప్లేట్ల బజ్జీ వదులుకుంటాడు? మన సూత్రానికి జవాబు తేలిక: బజ్జీ ప్లేట్ల సంఖ్యను బిర్యానీల సంఖ్యతో భాగించాలి. (సాధారణ పద్ధతిలో అయితే బిర్యానీ ఉపాంత ప్రయోజనాన్ని బజ్జీ ఉపాంత ప్రయోజనంతో భాగిస్తారు. ఇక్కడ మొదటిది బజ్జీల సంఖ్య, రెండోది బిర్యానీల సంఖ్య.)

(2, 16) దగ్గర మనసు రేటు 16/2 = 8. బిర్యానీలు తక్కువ, బజ్జీలు ఎక్కువ. బిర్యానీ కోసం ముఖం వాచి ఉన్నాడు. (4, 8) దగ్గర 8/4 = 2. ఇప్పుడు బిర్యానీ మీద అంత మోజు లేదు. అతను మారలేదు, ఉన్న చోటు మారింది. వక్రరేఖ మూలబిందువు వైపు వంగి ఉంటుందంటే అర్థం ఇంతే: కుడివైపు జరిగేకొద్దీ మనసు రేటు తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. ఈ రేటు "ఒక మొత్తం బిర్యానీ"కి కాదు, ఆ బిందువు దగ్గర చాలా చిన్న మార్పుకు. (2, 16) నుంచి 32 అంకె తగ్గకుండా మూడో బిర్యానీకి వెళ్లాలంటే బజ్జీలు 10.67కి దిగాలి, అంటే వదులుకునేది 5.33, ఎనిమిది కాదు. పరీక్షలో పట్టిక ఇచ్చి అడిగితే తేడాల నుంచి, సూత్రం ఇచ్చి అడిగితే బిందువు దగ్గర లెక్కించండి. రెండూ కలిపితే జవాబు తప్పుతుంది.

ఐదో మెట్టు: రెండు రేట్లనూ పోల్చండి

(2, 16)తో మొదలుపెడదాం. ఖర్చు 400 + 800 = 1200, డబ్బంతా అయిపోయింది. మనసు రేటు 8, బజారు రేటు 4. బిర్యానీకి ఎనిమిది ప్లేట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడిని బజారు నాలుగే అడుగుతోంది. ఇది లాభసాటి బేరం. ఒక బిర్యానీ పెంచి నాలుగు ప్లేట్లు తగ్గిస్తే (3, 12), అంకె 36. మెరుగయ్యాడు.

రెండో వైపు నుంచి చూస్తే (4, 8). మనసు రేటు 2. రెండు ప్లేట్ల విలువ కూడా దాటని నాలుగో బిర్యానీకి నాలుగు ప్లేట్లు ఇచ్చాడు. ఒకటి తగ్గిస్తే మళ్లీ (3, 12)కే వస్తాడు.

(3, 12) దగ్గర మనసు రేటు 12/3 = 4. బజారు రేటు 4. ఎటు జరిగినా అంకె తగ్గుతుంది. ఇదే వినియోగదారుడి సమతౌల్యం. బొమ్మలో బడ్జెట్ రేఖ ఒక వక్రరేఖను సరిగ్గా తాకి వెళ్లే చోటు.

దీన్నే రూపాయల భాషలో చెబితే సమోపాంత ప్రయోజన సూత్రం అవుతుంది. (3, 12) దగ్గర బిర్యానీ మీద చివరి రూపాయి తెచ్చేది 12/200 = 0.06, బజ్జీ మీద చివరి రూపాయి తెచ్చేది 3/50 = 0.06. (2, 16) దగ్గర అవే 0.08, 0.04, రూపాయిని బజ్జీ నుంచి బిర్యానీకి మార్చాలని అంకెలే చెబుతున్నాయి. పుస్తకాలు ఈ రెండింటినీ రెండు అధ్యాయాలుగా చూపిస్తాయి కానీ సమీకరణం ఒక్కటే, అటుదిటు మార్చి రాశారంతే.

రెండు రేట్లూ ఎప్పటికీ కలవని సందర్భాలూ ఉన్నాయి. శాకాహారికి చికెన్ బిర్యానీ మీద మనసు రేటు ప్రతిచోటా సున్నా. అతను బజ్జీల మూలలోనే ఉంటాడు, అదే అతనికి సరైన ఎంపిక. రెండు అరలీటరు పాల ప్యాకెట్లూ ఒక లీటరు ప్యాకెట్టూ ఒకటే అనుకునేవాళ్లకు మనసు రేటు ఎక్కడైనా 2 దగ్గర స్థిరంగా ఉంటుంది కాబట్టి ఏది చౌకైతే డబ్బంతా దానికే వెళుతుంది. కుడి చెప్పు, ఎడమ చెప్పు విషయంలో రేటు అన్న ప్రశ్నే పుట్టదు, జత లెక్కే. కాబట్టి "వాలులు సమానం చేయాలి" అని గుడ్డిగా సమీకరణం రాసేయకండి. ముందు వక్రరేఖ ఆకారం చూడండి.

ఆరో మెట్టు: ధర మారినప్పుడు మార్పును రెండు ముక్కలు చేయండి

బిర్యానీ 300 అయింది. బజ్జీ 50, బడ్జెట్ 1200 అలాగే ఉన్నాయి. మన సూత్రంలో ఒక సౌకర్యం ఉంది: ఇలాంటివాడు ఎప్పుడూ డబ్బును రెండు వస్తువుల మీద సగం సగం పెడతాడు. 600ని 300తో భాగిస్తే 2 బిర్యానీలు, 600ని 50తో భాగిస్తే 12 ప్లేట్లు. కొత్త బజారు రేటు 6, (2, 12) దగ్గర మనసు రేటూ 6. సరిపోయింది.

బిర్యానీ 3 నుంచి 2కి పడింది. ఎందుకు పడింది? రెండు కారణాలు కలిసిపోయి ఉన్నాయి. బజ్జీతో పోలిస్తే బిర్యానీ ప్రియమైంది, అది ఒకటి. 1200 రూపాయలకు మునుపటి సత్తా లేదు, అది రెండోది. వీటిని విడదీసే పద్ధతిని రష్యన్ ఆర్థికవేత్త యూజిన్ స్లట్‌స్కీ 1915లో ఒక ఇటాలియన్ పత్రికలో ప్రచురించాడు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో వచ్చిన ఆ వ్యాసాన్ని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు.

పద్ధతి ఇది. పాత జోడీ (3, 12)ని కొత్త ధరల్లో కొనాలంటే ఎంత కావాలి? 900 + 600 = 1500. ఊహలో అతనికి 300 రూపాయలు అదనంగా ఇవ్వండి. ఇప్పుడు అతను పాత జోడీనే కొనగలడు. కానీ కొంటాడా? సగం అంటే 750, బిర్యానీలు 2.5, బజ్జీలు 15. కొనగలిగి కూడా కొనలేదు, ఎందుకంటే బజారు రేటు 6 అయినా (3, 12) దగ్గర అతని మనసు రేటు ఇంకా 4 దగ్గరే ఉంది. ఈ 3 నుంచి 2.5కి తగ్గడమే ప్రతిస్థాపన ప్రభావం: అర బిర్యానీ. తర్వాత ఊహలో ఇచ్చిన 300 వెనక్కి తీసుకోండి. 2.5 నుంచి 2కి తగ్గడం ఆదాయ ప్రభావం: ఇంకో అర బిర్యానీ.

బజ్జీల వైపు చూడండి, అసలు రుచి అక్కడుంది. ముందు 12, తర్వాత 12. ఏమీ జరగనట్టే ఉంది. విడదీస్తే ప్రతిస్థాపన వల్ల 12 నుంచి 15కి పెరిగింది, ఆదాయ ప్రభావం వల్ల 15 నుంచి 12కి దిగింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. "బిర్యానీ ధర పెరిగితే బజ్జీల అమ్మకం పెరగాలి కదా, ఎందుకు పెరగలేదు?" అని దుకాణదారుడు అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇంకో మెలిక ఉంది. 1500 ఇచ్చినప్పుడు అతని అంకె 2.5 × 15 = 37.5. మొదట్లో 36. పాత జోడీ కొనడానికి సరిపడా ఇస్తే మునుపటి కంటే కాస్త బాగుపడ్డాడు! సరిగ్గా 36 దగ్గర నిలబెట్టాలంటే దాదాపు 1470 చాలు. హిక్స్ పద్ధతిలో విడదీస్తే ఈ 1470నే వాడతారు. అప్పుడు బిర్యానీలు దాదాపు 2.45, ప్రతిస్థాపన ప్రభావం దాదాపు 0.55. ప్రశ్నలో స్లట్‌స్కీ అన్నారా హిక్స్ అన్నారా చూసుకుని మొదలుపెట్టండి.

ఆ 30 రూపాయల తేడా ఉద్యోగుల కరువు భత్యం దాకా వస్తుంది. డీఏకు ఆధారం లేబర్ బ్యూరో ప్రకటించే పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. ప్రస్తుత ఆధార సంవత్సరం 2016. ఒక స్థిరమైన వస్తువుల జాబితా ఖర్చు ఎంత పెరిగిందో ఆ సూచీ కొలుస్తుంది, అంటే స్లట్‌స్కీ చేసిన పనే. ధరలు ఎగుడుదిగుడుగా పెరిగితే జనం చౌక అయినవాటి వైపు కొంత మళ్లుతారు, ఆ మళ్లింపును స్థిరమైన జాబితా పట్టుకోలేదు. కాబట్టి మన కుర్రాడి లాంటివాడికి ఈ సూచీ ప్రకారం భత్యం ఇస్తే అవసరమైన దానికంటే కొద్దిగా ఎక్కువే వస్తుంది. డీఏ ఎక్కువైందని దీన్నిబట్టి తీర్పు చెప్పేయకూడదు. జాబితా పాతబడటం, అద్దెల కొలత, భత్యం ఆలస్యంగా రావడం వంటివి వేరే దిశలో లాగుతాయి. పక్షపాతం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి మాత్రం ఈ లెక్క చాలు.

ఏడో మెట్టు: ఆదాయ ప్రభావం ఏ వైపు లాగుతోందో చూడండి

ప్రతిస్థాపన ప్రభావం ఎప్పుడూ ధరకు ఎదురు దిశలోనే ఉంటుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. తేడాలన్నీ ఆదాయ ప్రభావం తెచ్చేవే. ఆదాయం పెరిగితే ఎక్కువ కొనేది సాధారణ వస్తువు, తక్కువ కొనేది నాసిరకం వస్తువు. ఇక్కడ నాసిరకం అంటే నాణ్యత లేనిదని కాదు, జేబు నిండగానే మనిషి తగ్గించుకునేదని.

ఆహారం మొత్తంగా సాధారణ వస్తువే అయినా ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో దాని వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చెప్పాడు. మన దేశంలో 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో ఆహారం వాటా దాదాపు 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం.

నాసిరకం వస్తువు మీదే బడ్జెట్‌లో పెద్ద భాగం ఖర్చవుతుంటే ఆదాయ ప్రభావం ప్రతిస్థాపనను మించిపోయి, ధర పెరిగినా ఎక్కువ కొనే విడ్డూరం జరగవచ్చు. అదే గిఫెన్ వస్తువు. మన గైడ్లన్నీ దీనికి ఐర్లండ్ బంగాళాదుంపల కరువును ఉదాహరణగా రాస్తాయి. అది నిలబడే ఉదాహరణ కాదు: తెగులుతో పంటే పోయినప్పుడు జనం మొత్తం మీద దుంపలు ఎక్కువ తిన్నారనడానికి వీలెక్కడిది? 1895లో ఆర్థికవేత్త మార్షల్ తన పుస్తకం మూడో ముద్రణలో గిఫెన్ పేరుతో చెప్పింది కూడా పేదల రొట్టె గురించి, దుంపల గురించి కాదు.

నమ్మదగిన ఆధారం 2008లో వచ్చింది. రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ చైనాలోని హునాన్ రాష్ట్రంలో పేద కుటుంబాలకు బియ్యం ధరలో రాయితీ ఇచ్చి చూశారు. బియ్యం చౌక అయితే ఎక్కువ తినాలి కదా, కానీ తక్కువ తిన్నారు. మిగిలిన డబ్బుతో వేరే ఆహారం కొనుక్కున్నారు. మరీ నిరుపేదల్లో మాత్రం ఇది అలా జరగలేదు. వాళ్లకు బియ్యం తగ్గించుకునే వెసులుబాటే లేదు. పరీక్షలో గిఫెన్ ఉదాహరణ రాయాల్సి వస్తే హునాన్ రాయండి.

ఎనిమిదో మెట్టు: వంగిన బడ్జెట్ రేఖతో రేషన్ బియ్యం లెక్క

ఇంతవరకు రేఖ తిన్నగా ఉంది. నిజజీవితంలో అది తరచూ విరుగుతుంది, ఎందుకంటే ధర కొన్నిసార్లు కొంత పరిమాణం వరకే వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం అలాంటిదే: కోటా వరకు రెండు రూపాయలు, ఆపైన బజారు ధర. 2011 నవంబరులో అది రూపాయికి దిగింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చే ధాన్యం 2023 జనవరి నుంచి ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నాడు రేషన్ కార్డులకు మనిషికి ఆరు కిలోల చొప్పున సన్న బియ్యం పథకం మొదలైంది.

నలుగురున్న కుటుంబం, 24 కిలోలు ఉచితం. అడ్డంగా బియ్యం కిలోలు, నిలువుగా మిగతా అన్నిటికీ మిగిలే డబ్బు. బజారులో అలాంటి బియ్యం కిలో 50 అనుకుందాం. 24 కిలోల వరకు రేఖ చదునుగా వెళుతుంది, ఎందుకంటే బియ్యం తీసుకున్నా డబ్బు తగ్గదు. అక్కడ మలుపు తిరిగి కిలోకు 50 చొప్పున దిగడం మొదలవుతుంది.

నెలకు 35 కిలోలు వండుకునే కుటుంబం ఈ మలుపు దాటి కుడివైపు ఉంటుంది. చివరి 11 కిలోలు ఎలాగూ 50కే కొంటోంది, కాబట్టి వాళ్ల బజారు రేటు మారలేదు. వాళ్లకు ఈ పథకం చేతికి 1200 రూపాయల నగదు ఇచ్చినట్టే. బియ్యం తినడం పెరిగేది నగదు ఇచ్చినా ఎంత పెరుగుతుందో అంతే.

15 కిలోలతో సరిపోయే కుటుంబం సంగతి వేరు. ఇరవై నాలుగో కిలో మీద వాళ్ల మనసు రేటు 50 ఎంతమాత్రం కాదు, ఐదో ఆరో కావచ్చు. ఇంటి గుమ్మంలోకి దళారీ వచ్చి కిలోకు పది ఇస్తానంటే? అతను రేఖకు ఎడమ వైపు కొత్త వాలు తగిలించినట్టు: మలుపు నుంచి ఎడమకు జరిగేకొద్దీ కిలోకు పది చొప్పున డబ్బు చేరుతుంది. మనసు రేటు పదికి చేరేదాకా అమ్ముతారు. రేషన్ బియ్యం అమ్మకం, కొనుగోలు మీద 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసులు పెడుతూనే ఉన్నారు, వ్యాపారం నడుస్తూనే ఉంది. దొడ్డు బియ్యం ఇచ్చిన కాలంలో, అది తినడం మానేసిన ఇళ్లలో మనసు రేటు మొదటి కిలో నుంచే తక్కువ. సన్న బియ్యం ఇస్తే దళారీకి దొరికేది తగ్గాలని సిద్ధాంతం చెప్పేది ఈ కారణం చేతనే: ధర మీద కాదు, మనసు రేటు మీద పనిచేసే మార్పు అది. అయితే ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లలో కోటా మిగిలితే అమ్ముకునే ఒత్తిడి అప్పుడూ ఉంటుంది.

మలుపు దగ్గర ఇంకో విశేషం. అక్కడ మనసు రేటు సున్నాకూ యాభైకీ మధ్య ఎంతైనా ఉండవచ్చు, అయినా అదే సరైన ఎంపిక. అందుకే ఇలాంటి పథకాల్లో చాలా ఇళ్లు సరిగ్గా కోటా అంతే వాడుతూ కనిపిస్తాయి.

నగదు ఇవ్వాలా బియ్యం ఇవ్వాలా అన్న వాదనలో ఈ బొమ్మను గీసి "రెండూ ఒకటే" అని తేల్చేవాళ్లున్నారు. నాకు అది తొందరపాటు అనిపిస్తుంది. ఒకటి, బజారులో బియ్యం 50 నుంచి 70కి పోతే నగదు తీసుకున్న కుటుంబం నష్టపోతుంది, బియ్యం తీసుకున్న కుటుంబానికి 24 కిలోలు 24 కిలోలే. రెండు, మనుషులు డబ్బును ఒకే కుప్పగా చూడరు. రిచర్డ్ థేలర్ 1980లలో దీన్ని మానసిక లెక్కల పుస్తకం అన్న ఆలోచనతో వివరించాడు. అమెరికా ఆహార కూపన్ల మీద జస్టిన్ హేస్టింగ్స్, జెస్సీ షాపిరో 2018లో ప్రచురించిన అధ్యయనంలో కూపన్ల రూపంలో వచ్చిన ప్రతి డాలరుకు తిండి ఖర్చు 50 నుంచి 60 సెంట్లు పెరిగింది. నగదు అయితే పది సెంట్లకు మించలేదు. కుడివైపు ఉన్న కుటుంబాలకు ఈ రెండూ సమానంగా ఉండాలని మన బొమ్మ అంటుంది.

తొమ్మిదో మెట్టు: బిల్లులతో సరిచూసుకోండి

మనసు రేటు కళ్లకు కనిపించదు. మరి ఒకరి ఎంపికలు ఈ సిద్ధాంతానికి సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? 1938లో పాల్ సామ్యూల్సన్ దారి చూపాడు: ఏం కొన్నారో, ఏం కొనగలిగి ఉండి కొనలేదో చూడండి.

మన కుర్రాడు మొదటి నెల 200, 50 ధరల్లో (3, 12) కొన్నాడు. మూడో నెల ఏదో ఆఫర్ గోలలో బిర్యానీ 100, బజ్జీ 100 అయ్యాయనుకోండి. 1600 ఖర్చుపెట్టి (2, 14) కొన్నాడు. మొదటి నెల ధరల్లో (2, 14)కు 400 + 700 = 1100 చాలు. 1200 చేతిలో ఉండి దాన్ని కాదన్నాడు, అంటే (3, 12) ఎక్కువ ఇష్టం. మూడో నెల (3, 12)కు 1500 చాలు. 1600 ఉండి దాన్ని కాదన్నాడు, అంటే (2, 14) ఎక్కువ ఇష్టం. రెండూ నిజం కాలేవు. అతని ఇష్టాలు మధ్యలో మారాయి, లేదా చూసుకోకుండా కొన్నాడు, లేదా మూడో నెల స్నేహితులకు బజ్జీలు పెట్టాడు. ఏది కారణమో ఈ పరీక్ష చెప్పదు, ఒకే వరసతో ఈ రెండు బిల్లులనూ వివరించలేమని మాత్రం చెబుతుంది.

బిర్యానీ 300 అయిన నెలలో (2, 12) కొనడం దీన్ని తప్పిందా? పాత ధరల్లో (2, 12)కు 1000, కాబట్టి మొదటి నెల కాదన్నట్టే. కానీ కొత్త ధరల్లో (3, 12)కు 1500 కావాలి, అతని దగ్గర 1200 ఉన్నాయి. వద్దనలేదు, అందలేదు. వైరుధ్యం లేదు.

సాధనకు ఒక లెక్క

బిర్యానీ 200 దగ్గరే ఉంది, బజ్జీ ప్లేటు 50 నుంచి 75కి పెరిగింది, బడ్జెట్ 1200. ముందు మీరు చేసి, తర్వాత సరిచూసుకోండి. కొత్త ఎంపిక (3, 8). పాత జోడీకి కావాల్సింది 600 + 900 = 1500. ఆ డబ్బుతో కొనేది (3.75, 10). స్లట్‌స్కీ పద్ధతిలో బజ్జీల మీద ప్రతిస్థాపన ప్రభావం 12 నుంచి 10కి, ఆదాయ ప్రభావం 10 నుంచి 8కి. బిర్యానీల మీద ముందు 0.75 పెరిగి, తర్వాత అదే 0.75 తగ్గుతుంది. బజారు రేటు ఇప్పుడు 200/75, అంటే దాదాపు 2.67, (3, 8) దగ్గర మనసు రేటు 8/3, అదీ 2.67. మీకు 3 బిర్యానీలకు బదులు వేరే అంకె వచ్చిందంటే బడ్జెట్ రేఖను తిప్పడానికి బదులు జరిపి ఉంటారు; రెండో మెట్టు మళ్లీ చూడండి.